బందరు, ఉప్పెన, మన బడి మేడ



1611లో ఇంగ్లీషువాళ్లు గిడ్డంగి పెట్టుకున్న రేవు మన బందరు. కలంకారీ అద్దకాలు ఇక్కణ్ణుంచే ఓడలెక్కాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. దొరలు తమ దండును ఇక్కణ్ణుంచి ఎత్తేశారు. ఊరు ఎక్కడికి పోతుంది?

1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. సర్కారు లెక్కే దాదాపు 10,000. 1990 మే నెల తుఫాను దానికి తీసిపోయిందేమీ కాదు. అయినా జనాన్ని ముందే తరలించారు గనుక పోయినవారు వెయ్యిలోపే.

వేళకు కబురు అందాలి, ఎక్కడానికి మేడ ఉండాలి. మన బడి మేడమెట్లకు రాత్రిళ్లు తాళం. స్వర్ణోత్సవ నిధితో ముందు బయటివైపు మెట్లు కట్టిద్దాం. ముఖద్వారం ఆర్చి సంగతి తర్వాత చూద్దాం.