గీతల జరుగుబాటు



పూర్వము పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించెను. ఆ నాటికి గ్రాఫులు లేవు గాన నేటి విద్యార్థుల యీ చిక్కు ఆయన యెరుగడు. కాలమునుండి ఒకటి తీసివేసినచో గీత ఎడమకు గాక కుడికేల జరుగును? పెక్కుమంది ‘అంతయు తలక్రిందు’ అని వల్లించి ఊరకుందురు. పరీక్షనాటికి అదియు మరతురు.

నందిగామనుండి జగ్గయ్యపేటకు మొదటి ఎడ్లబండి ఉదయము 5 గంటలకు, రెండవది 6 గంటలకు బయలుదేరినవనుకొనుడు. నడక యొకటే, ఎడ్లకు నీరు పెట్టుటకు ఆగిన తావును, ఆగినసేపును ఒకటే. అడ్డముగా వేళను, నిలువుగా నడచిన దూరమును గుర్తించినచో మొదటి బండికొక గీత యేర్పడును. ఎడ్లు నిలిచినంతసేపు అది ఎక్కక దిగక సాగును. రెండవ బండి గీత ఆ చదునుతో సహా అట్లే యుండి, ఒక గంట కుడికి జరుగును. ఏలన, 8 గంటలకు రెండవ బండి యెచ్చటనున్నదో తెలియుటకు 7 గంటలకు మొదటిది ఎచ్చటనుండెనో చూడవలయును. ఒకటి తీసివేసినది చూచు వేళనుండి, గీతనుండి కాదు.

దూరమును నందిగామకు 2 మైళ్ళు వెనుకనున్న యూరినుండి లెక్కించినచో గీత పైకే లేచును. ఇందు తికమక యేమి? కూడినది దూరమునకే గదా!

ఇక నడకను, విరామమును సగము కాలములో ముగించు బండి. బయలుదేరిన వేళను సున్నగా గుర్తించినచో, అది గంటకు చేరిన చోటికి మొదటిది రెండు గంటలకు చేరును. కాలమును రెండింట గుణించినను గీత అడ్డముగా సగమునకు కుంచించుకొనును.