వానలు బాగా పడ్డ మరుసటి ఏడాది

స్నాతకోత్సవంలో మంచి అలవాట్లు చేసుకోండని చెప్పడం రివాజు. చేసుకోవడం పట్టాలందుకున్న మీకు తెలియనిదేం కాదు; చేసుకున్నది ఎందుకు జారిపోతుందో చెప్పేవాళ్లే తక్కువ. ఆ సంగతికి మన తిరువళ్లూరు జిల్లా నీళ్ల కథే మంచి సాక్ష్యం. పూండి, చోళవరం, పుళల్ జలాశయాలు మూడూ ఇక్కడివే. తెలుగుగంగ కాలువలో కండలేరు నుంచి కృష్ణా నీళ్లు వచ్చి చేరేదీ పూండికే.

కరువు ముదిరిన 2003లో తమిళనాడు ప్రభుత్వం పాత ఇల్లయినా కొత్త ఇల్లయినా వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి చేసింది. కట్టుకోకపోతే మున్సిపాలిటీయే కట్టించి ఖర్చు రాబట్టుకుంటుందని చెప్పింది. జనం ఇంకుడు గుంతలు తవ్వించుకున్నారు. బావుల్లో నీటిమట్టం పైకొచ్చింది. అది 2005 నాటి భారీ వానల పుణ్యం కాదా అని అడిగేవారున్నారు. కొంత నిజమే. అయితే పడ్డ వాన భూమిలోకి దిగడానికి దారంటూ ఉండాలి కదా! ఆ దారి తర్వాత ఎలా మూసుకుపోయిందో చూడండి. ఇంకుడు గుంతలోని ఇసుక, కంకర వానలకు ముందు తీసి కడగాలి. కడగకపోతే ఆకులూ మట్టీ పేరుకుని పైన జిగట పొర కడుతుంది. నీళ్లు దిగక ముంగిట్లో నిలుస్తాయి. అప్పుడు ఇంటాయన ప్లంబర్‌ని పిలుస్తాడు, గుంత బాగు చేయించడానికి కాదు, డాబా గొట్టాన్ని వీధి కాలవలోకి తిప్పించడానికి. చట్టాన్ని ధిక్కరించాలని ఆయనకేం లేదు, ముంగిలి ఆరితే చాలు. 2015లో వరద ముంచెత్తింది. అయినా 2019 జూన్ నాటికి మన జిల్లా జలాశయాలు మూడింటిలో, చెంబరంబాక్కం చెరువులో కలిపి చూసినా ఒక శాతం నీళ్లు కూడా లేవు. జూలైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి రైల్లో నీళ్లు తోలారు. మన జిల్లా పొలాల బావుల నీళ్లు ట్యాంకర్లెక్కాయి. ఇంకుడు గుంతల తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి.

ఇదంతా శ్మశాన వైరాగ్యమనీ, మనిషి బలహీనుడనీ అంటారు. నేనొప్పుకోను. గుంత తవ్వించిందీ, గొట్టం తిప్పించిందీ ఒకే మనిషి. మధ్యలో ఆయన బుద్ధి చెడిపోలేదు, భయం తీరిపోయిందంతే. చట్టం గుంతలు తవ్వారా లేదా అని చూసింది, కడుగుతున్నారా లేదా అని చూడలేదు. వెనకటి కుడిమరామత్తు అలా కాదు. కరువొచ్చినా రాకపోయినా ఊరంతా వంతులవారీగా చెరువు పూడిక తీసేది. (ఆ బరువు అందరి వీపునా సమానంగా పడలేదని కూడా మరిచిపోకూడదు. ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు.) అక్కడ భయం చేసే పనిని వంతు చేసింది. ఇప్పుడు సముద్రపు నీటినే మంచినీళ్లు చేస్తున్నారు, ఈ పాత చాకిరీ ఎందుకంటారా? మన జిల్లా కాట్టుపల్లిలో 2010లో రోజుకు పది కోట్ల లీటర్ల ప్లాంటు మొదలైన మాట నిజమే. ఆ నీళ్లు చెన్నై కుళాయిలకు పోతాయి, తిరుత్తణి బోర్లలోకి రావు. పైగా కుళాయి తిప్పగానే నీళ్లొచ్చే ఇంట్లో గుంత ఎవరికి గుర్తొస్తుంది?

మీ అలవాట్లదీ ఇదే కథ. పరీక్షల భయంతో పొద్దున్నే లేచిన మీరు వచ్చే నెల నుంచి లేవరు. డాక్టరు బెదిరిస్తే మానేసిన సిగరెట్టు, రిపోర్టులు బాగున్నాయనగానే మళ్లీ చేతికొస్తుంది. అలా జరిగినప్పుడు నేనింతే అని తిట్టుకుంటూ కూర్చోకండి. ఇన్నాళ్లూ ఏ భయం నిలబెట్టింది, అది పోయాక దాని చోట ఏం పెట్టానని లెక్క చూసుకోండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలొస్తాయి. మీరు చేరబోయే ఆఫీసులోనో బడిలోనో సెప్టెంబరులో గుంత మూత తెరిచేదెవరని అడగండి. ఎవరి పేరూ చెప్పలేకపోతే, ఆ పని మీ పేరున రాయించుకోండి.