యాత్రాబండికి తగిన బ్యాటరీ



హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రాజమార్గము మా కందుకూరు మీదుగా సాగును. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరిన పిదప నల్లమల యరణ్యము మొదలగును. వన్యమృగముల రక్షణార్థము రాత్రివేళ వాహనములను ఆ యడవిలోనికి పోనీయరు. ప్రొద్దుపోయి చేరినవారు తెల్లవారువఱకు ఆగవలసినదే. ఇటీవల కొన్ని కుటుంబములవారు పెద్ద వ్యాను నొకదానిని కొని, అందు పడకలు, పంకాలు, దీపములు అమర్చుకొని, దానినే సత్రముగా జేసికొని తీర్థయాత్రలు సాగించుచున్నారు. అట్టి బండికి ఎట్టి బ్యాటరీ తగునో నేడు మనవి చేసెదను. ఇది పడుచువారి వేడుక యని పెద్దలు ఉపేక్షింపరాదు. ఆ బండిలో చల్లగా నుండవలసిన ఇన్సులిను మనది. ఉక్కపోతలో నిద్రపట్టనివారమును మనమే.

మొదట నొక భేదము గ్రహింపవలెను. ప్రతి బండిలోను ఇంజనును కదలించుటకు ఒక బ్యాటరీ ఉండనే యుండును. దాని పని కొన్ని క్షణములు మాత్రమే; ఆ క్షణములలో వందలకొలది ఆంపియర్ల విద్యుత్తును ఒక్కపెట్టున ఈయవలెను. అందుకై దానిలో సీసపు పలకలను పలుచగను, పెక్కుగను అమర్తురు. అది బండలాగుడు పందెపుటెద్దు వంటిది. తెల్లవార్లు పంకా త్రిప్పుట మోట తోలు ఎద్దు పని. పందెపుటెద్దును మోటకు గట్టినచో రెండు పనులును చెడును. పలుచని పలకలు పలుమాఱు రిక్తమైనచో కొలదికాలమునకే పాడగును. అంతకు ముందే ఒకనాటి యుదయమున అడవి యంచున ఇంజను కదలక మొరాయించును. త్రోయుదమన్నను, లోపల నున్నది వృద్ధులాయె. కావున నివాసపు అవసరములకు వేఱుగా రెండవ బ్యాటరీ ఉండి తీరవలెను. “ఒకటే చాలును, నడుమ నడుమ ఇంజను నడుపుడు” అని చెప్పు దుకాణదారులు లేకపోలేదు. వారు రాత్రి మనతో వచ్చి పండుకొనరు గదా!

రెండవది ఎంతటిది కావలెను? దీనిని ధాన్యము కొలిచినట్లు కొలువవలెను. 20 వాట్ల పంకాలు రెండు 8 గంటలు తిరిగినచో 320 వాటు-గంటలు. 5 వాట్ల దీపములు మూడు 5 గంటలు వెలిగినచో 75. మందుల చల్లపెట్టె 45 వాట్లదై, 12 గంటల రాత్రిలో సగముకాలము నడచిన 270. సెల్‌ఫోనులు నాలుగింటికి 60. మొత్తము 725. దీనిని 12 వోల్టులచే భాగింపగా సుమారు 60 ఆంపియరు-గంటలు వచ్చును. ఇది ఒక్క రాత్రి వ్యయము. విద్యుత్తు పొయ్యిని ఈ లెక్కలో చేర్పలేదు. 1500 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీనుండి 125 ఆంపియర్లు లాగును. వంట గ్యాసుపొయ్యిపై, బండి వెలుపల చేసికొనుటయే మేలు.

ఇక జాతి నిర్ణయము. సీసపు బ్యాటరీని 1859లో ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. కరెంటు పోయినపుడు మన యిండ్లలో దీపము నిలుపు ట్యూబులర్ బ్యాటరీ ఆ వంశములోనిదే. దాని పలకలు దిట్టమైనవి; మోటపనికి ఓర్చును. ఐనను నిలువలో సగమునకు మించి వాడినచో ఆయువు తఱుగును. కావున 60 కావలసిన మనకు 120 చాలునన్న లెక్క వచ్చినను, కొంత మిగులుండుటకై 150 ఆంపియరు-గంటలది కొనవలసి యుండును. బరువు 50 కిలోలకు తక్కువ యుండదు. ఘాటురోడ్డు కుదుపులకు ఆమ్లము చిందును. నింపునపుడు వెలువడు హైడ్రోజను గాలిలో నూటికి 4 పాళ్లు చేరినచో నిప్పురవ్వకు పేలును. అట్టిదానిని తలుపులు మూసిన బండిలో, మనుమలు పండుకొను మంచము క్రింద నుంచుట నా కిష్టము లేదు. ఆమ్లము చిందని మూతపెట్టిన సీసపురకము కలదు. అది కొంత మేలు.

లిథియం జాతిలో శాఖలు పెక్కు. నివాసపు బండికి తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వేడికి అది తక్కిన శాఖలకంటె నిలుకడగా నుండును. దీని మూలపదార్థపు యోగ్యతను 1997లో గుడెనఫ్ అను అమెరికా పండితుడును ఆయన సహచరులును వెల్లడించిరి. లిథియం బ్యాటరీల కృషికై 2019లో మఱి యిద్దఱితో గూడ నోబెలు బహుమానము పొందునాటికి ఆయన వయస్సు 97 ఏండ్లు! ఈ జాతిలో నిలువలో 80 పాళ్లు వాడినను భయము లేదు; కావున 100 ఆంపియరు-గంటలది చాలును. బరువు పండ్రెండు కిలోల ప్రాంతము. తొలివెల హెచ్చే. ఐనను రెండువేలకు పైగా మార్లు నిండి రిక్తమగుటకు ఓర్చును. ఏటికి రెండు యాత్రలే చేయువారికిని ఇదియే మేలని నా యభిప్రాయము. ఏలయన సీసపుది నెలల తరబడి నిండక పడియున్నచో లోలోపల గడ్డకట్టి చెడును. లిథియం సగము నిండి యున్నను ఊరక నిలువ యుండగలదు. ధనము చాలనివారు మూతపెట్టిన సీసపుది కొని, నెలకొకసారి నిండ నింపుచుండవలెను.

రెండు జాతులకును మన యెండ శత్రువే. ఇంజను ప్రక్కను, బండి కప్పుమీదను బ్యాటరీ నుంచరాదు. బదరీనాథము వంటి మంచుచోట్లకు పోవువారు మఱియొకటి గమనింపవలెను: చలి 0 డిగ్రీలకు దిగినపుడు లిథియంను నింపరాదు, లోపల లోహము పేరుకొని శాశ్వతముగా చెడును.

నింపుటకు ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరునకు లిథియంను నేరుగా కలుపరాదు. అది అమితముగా విద్యుత్తును లాగి ఆల్టర్నేటరును కాల్చివేయును. నడుమ తగిన చార్జరు ఉండవలెను. 30 ఆంపియర్లదైనచో రాత్రి వ్యయమైన 60 ఆంపియరు-గంటలు రెండు గంటలకు కొంచెము మించిన ప్రయాణములో నిండును. కప్పుపై 100 వాట్ల సౌరఫలక మున్నచో మంచి యెండనాడు 350 వాటు-గంటల వఱకు చేకూర్చును. కాని బండిని చెట్టునీడను నిలుపువారికి దానివలన ఫలము స్వల్పము. బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే ఫ్యూజు నుంచవలెను. తీగ యెచ్చట ఒరసికొని నిప్పు పుట్టునో ఎవ్వరెఱుగుదురు!

బయలుదేరుటకు ముందొక రాత్రి బండిని మీ వాకిటనే నిలిపి, అన్నిటిని నడిపించి, అందే పండుకొనుడు. తెల్లవాఱిన పిదప పంకాలు, దీపములు ఆపి, కొంతసేపైనపుడు వోల్టులు చూడుడు. సీసపుది 12.2 చూపినచో సగము వ్యయమైనదని యర్థము. లిథియంలో వోల్టులు చివరివఱకు ఇంచుమించు ఒకేతీరున నుండును గావున దానికి ఆంపియరు-గంటలను లెక్కించు మీటరు వేఱుగా పెట్టించుకొనవలెను.