వేరొకరి మాట మోసే పని



ఇంగ్లండులో స్థిరపడిన మన తెలుగువాళ్ల తొలితరం ఇప్పుడు ముసలితనంలోకి వచ్చింది. అందుకే ఇవాళ ఇండిపెండెంట్ అడ్వకేట్ల శిక్షణ గురించి మాట్లాడదలిచాను. వీళ్లు కోర్టులో వాదించే లాయర్లు కారు. డిమెన్షియా వంటి జబ్బుతో తన సంగతి తాను తేల్చుకోలేని మనిషి పక్షాన ఆసుపత్రిలో, కౌన్సిల్ సమావేశాల్లో మాట్లాడేవాళ్లు. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఈ ఏర్పాటు చేసింది, 2007లో అది అమలులోకి వచ్చింది. పెద్ద చికిత్స చేయాలన్నా, కేర్ హోములో ఎక్కువకాలం ఉంచాలన్నా, ఆ మనిషి గురించి సంప్రదించదగిన అయినవాళ్లెవరూ లేకపోతే అడ్వకేట్‌ను పిలిచి తీరాలి. 2014 నాటి కేర్ చట్టం ఈ సాయాన్ని మరింత మందికి అందించింది.

అడ్వకేట్ పనికి లా డిగ్రీ అక్కర్లేదు. తగిన అనుభవం, శిక్షణ, మంచి నడవడి ఉండాలి. పైన ఒకరి పర్యవేక్షణ ఉండాలి. కౌన్సిల్ ఉద్యోగి అయి ఉండకూడదు. కేర్ చట్టం మార్గదర్శకాల ప్రకారం, పనిలో చేరిన ఏడాదిలోపు జాతీయ అర్హత కోర్సు మొదలుపెట్టాలి.

కాగితం మీద ఇంతే. అసలు కష్టం మన అలవాట్లలో ఉంది. పెద్దవాళ్లకు ఏది మంచిదో మనమే తేల్చేయడం ప్రేమ అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. అడ్వకేట్ ఆ పని చేయకూడదు. నిర్ణయం డాక్టరుదో సోషల్ వర్కరుదో. ఆ నిర్ణయంలో ఆ మనిషి ఇష్టాయిష్టాలకు చోటు దక్కేలా చూడటం అడ్వకేట్ వంతు. ఆ మనిషిని ఏకాంతంగా కలిసే హక్కు, సంబంధిత రికార్డులు చదివే హక్కు చట్టం అడ్వకేట్‌కు ఇచ్చింది. ఆ రికార్డు చదవడంలోనే నేర్పంతా ఉంది. శనివారం ఒంటిపూట భోజనం చేసే పెద్దావిడ రాత్రి పళ్లెం పక్కకు తోసేసిందనుకోండి. ఫైల్లో ‘ఆహారం నిరాకరించింది’ అని పడుతుంది. నాలుగు వారాలు అలా పడితే అది జబ్బు లక్షణంగా కనిపిస్తుంది. మాట రాని మనిషి అయినా సరే, ఆవిడ ముందెలా బతికిందో, ఏ పూజ చేసుకునేదో, ఎవరు ముట్టుకుంటే ముడుచుకుపోతోందో కనిపెట్టి నివేదికలో రాయాలి. ఆ నివేదికను నిర్ణయం తీసుకునేవారు లెక్కలోకి తీసుకోవాల్సిందే.

డిమెన్షియా ముదిరినకొద్దీ, తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోయి చిన్ననాటి తెలుగు మిగలడం తరచుగా జరుగుతుంది. అప్పుడు దుబాసీ కావాలి. కొడుకో కోడలో దుబాసీగా కూర్చుంటే అమ్మ మాటలో వాళ్ల భయాలు, వాళ్ల వీలు కలుస్తాయి. అందుకే దుబాసీతో పనిచేయడం ప్రతి అడ్వకేట్ శిక్షణలోనూ తప్పనిసరి పాఠం కావాలని నేను గట్టిగా కోరుతున్నాను.

నర్సులుగా, టీచర్లుగా పనిచేసిన మన ఆడవాళ్లలో ఈ పనికి కావలసిన ఓపిక పుష్కలంగా ఉంది. మీరు ముందుకు రండి. అడ్వకసీ సేవలు నడిపే స్వచ్ఛంద సంస్థలు మీ కౌన్సిల్ పరిధిలోనే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త. మన సమాజం చిన్నది, పండుగకు కలిసేవాళ్లమంతా తెలిసినవాళ్లమే. ఎరిగున్న కుటుంబం కేసు వస్తే పక్కకు తప్పుకోవాలి, విన్నది గడప దాటకూడదు. తప్పుకున్నప్పుడు అందుకోవడానికి ఇంకొకరుండాలి కాబట్టి, ఒక్కో ఊళ్లో ఒక్క తెలుగు అడ్వకేట్ ఉంటే చాలదు.