పెద్ద చుక్కల గాలి

ఎన్నో ఏళ్లుగా నన్ను వదలని విషయం ఒకటి పట్టాలు అందుకుంటున్న మీ ముందు పెడతాను.

చలికాలం రాత్రి గండికోట గుట్టమీద నిలబడితే మన పెద్దలు గొల్లకావిడి అన్న మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి కాస్త కింద ఉన్న మసక వెలుగే ఒరయన్ నెబ్యులా. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో చుక్కలు పుడుతున్న చోటది. దాని నడుమ థీటా-1 ఒరయోనిస్ సి అనే చుక్క ఉంది. సూర్యుడికి 30 రెట్లకు పైగా బరువు. దాని వెలుగే దాని పైపొరలను తోసేస్తుంది. కార్బన్, నైట్రోజన్, ఇనుము అయాన్లు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని ఆ తోపుకు బయటికి దూసుకుపోతాయి. సూర్యుడి గాలి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీస్తే, ఇలాంటి పెద్ద చుక్కల గాలి 2,000 దాటుతుంది.

ఆ గాలి తనను కన్న మేఘం మీదే తిరగబడుతుంది. గురుత్వాకర్షణకు అడ్డే లేకుంటే మేఘమంతా కుంచించుకుని చుక్కలైపోవాలి. నిజానికి చుక్కలయ్యేది అందులో కొద్ది శాతమే. విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోపుతో చేసిన పరిశోధన 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ ఒక్క చుక్క గాలి ఊదిన బుడగ గోడ సెకనుకు 13 కిలోమీటర్ల చొప్పున విస్తరిస్తోందని తేల్చింది. లోపలి వాయువు వేడి దాదాపు 20 లక్షల డిగ్రీలు. కొత్త చుక్కలకు కావాల్సిన ముడిసరుకు సూపర్నోవా పేలక ముందే ఇలా ఊడ్చుకుపోతోంది.

ప్రతిచోటా గాలిదే పైచేయి అనుకోకండి. ఎర్రమల కొండల్లో పెన్న దారి చేసుకున్నట్టు, వేడి వాయువు మేఘం పలచబడ్డ చోటునుంచి బయటపడుతుంది. అప్పుడు దెబ్బ తగ్గుతుంది. మేఘాన్ని చెదరగొట్టడంలో గాలి వాటా ఎంత, కాంతి వాటా ఎంత అన్న లెక్క ఇంకా తేలలేదు. అది తేలకుండా గెలాక్సీలు చుక్కలను ఇంత నిదానంగా ఎందుకు కంటున్నాయో చెప్పలేమని నా గట్టి నమ్మకం.

ఇలాంటి వేడి చుక్కలను అతినీలలోహిత కాంతిలో చూసే టెలిస్కోపు మన దేశపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో ఉంది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే అది ఎగిరింది. అది పంపిన డేటాను ఇస్రో ఆన్‌లైన్‌లో పెట్టింది. మీ ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడొచ్చు. ఆ లెక్క తేల్చే పనికి ఫిజిక్స్ చదివినవాళ్లు చాలరు. కోడ్ రాసేవాళ్లు కావాలి, ద్రవాల ప్రవాహం చదివిన మెకానికల్ వాళ్లూ కావాలి. మీలో కొందరైనా ఇటు రండి.