లెక్కంటే భయం ఎందుకు? – తాతల, మామ్మల పాత్ర

(మన సంఘం వార్షికోత్సవ సభలో విశ్రాంత గణితోపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "మాస్టారూ, ఒక పావుగంట మాట్లాడాలి" అన్నారు. దేని గురించండీ అంటే "మీకు తెలిసింది లెక్కలే గదా!" అన్నారు. లెక్కల మాస్టారు మాట్లాడతారని ప్రకటించగానే వెనక వరసలో ఇద్దరు మిత్రులు కాఫీ కోసం లేవడం నేను చూశాను. వారి తప్పేమీ లేదు. అరవై ఏళ్ల కిందట ఏ మాస్టారో పెట్టిన భయం అది. ఇంకా వదల్లేదు. ఈ రోజు నా మాటలన్నీ ఆ భయం గురించే.

ముందుగా ఒక్క ప్రశ్న. ఈ హాలులో లెక్కలు రానివారు ఎవరైనా ఉన్నారా? కరువు భృతి ఒక విడత పెరిగిందంటే ఎన్ని నెలల బకాయి ఎంత రావాలో ట్రెజరీ వారికంటే ముందు మనమే తేలుస్తాం. కమ్యుటేషన్‌కు పదిహేనేళ్లు ఎప్పుడు నిండుతాయో ఎవరిని నిద్ర లేపి అడిగినా తేదీతో సహా చెబుతారు. శాతాలు, కూడికలు, తీసివేతలు – ఇదంతా ఏడో తరగతి గణితమే. బడిలో రానిది ఇప్పుడెలా వచ్చింది? ఆ లెక్క మనది. దానితో మనకు పని ఉంది. తప్పు చేసినా మనల్ని చూసి నవ్వేవాడు లేడు. పిల్లవాడికి లెక్కల మీద ఆసక్తి కలగాలంటే కావలసినవి కూడా ఇవే. నేను ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఈ సంగతి తెలుసుకోవడానికి మాత్రం చాలా ఆలస్యమైంది. ఎలా తెలిసిందో దాచకుండా మనవి చేస్తాను.

1981లో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఏడో తరగతిలో ఒక కుర్రవాడు బోర్డు మీద అర, మూడో వంతు కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కూడి, అయిదింట రెండు అని వేశాడు. అప్పటికి ఆ పాఠం మూడుసార్లు చెప్పాను. నాకు కోపం వచ్చింది. బెంచీ ఎక్కించి, "వీడు కొత్త గణితం కనిపెట్టాడర్రా, చూడండి" అన్నాను. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. ఆ తర్వాత వాడు నా పీరియడులో ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. ఆ రోజుల్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. వాడు లెక్కల్లో తప్పాడు. బడి మానేశాడు. నేను కూడా మరిచిపోయాను.

పాతికేళ్ల తర్వాత 2006లో మా ఇల్లు కట్టేటప్పుడు మెట్ల పని చూడటానికి ఒక మేస్త్రీ వచ్చాడు. గోడ కేసి చూసి, "పదడుగుల ఎత్తండీ. ఏడున్నర అంగుళాల మెట్టు వేస్తే సరిగ్గా పదహారు వస్తాయి. పెద్దవాళ్లు ఎక్కాలి, ఆరంగుళాలే మేలు, ఇరవై వేద్దాం" అన్నాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. ఇంత లెక్క ఎక్కడ నేర్చావయ్యా అన్నాను. నవ్వి, "మీ దగ్గర మాత్రం కాదు మాస్టారూ" అన్నాడు. అప్పుడు గుర్తు పట్టాను.

టీ తాగుతూ నేనే ఆ బెంచీ సంగతి ఎత్తాను. అతను నెమ్మదిగా చెప్పాడు. "ఆ వారం కబాడీ ఆడామండి. మొదటి రోజు రెండాటల్లో ఒకటి గెలిచాం, మర్నాడు మూడాటల్లో ఒకటి గెలిచాం. మొత్తం అయిదింట రెండు. నాకు అదే తోచింది. మీరు ఎందుకలా వేశావురా అని అడుగుతారేమో, చెబుదామనుకున్నాను."

అయ్యా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి లెక్కలో తెలివి ఉంది. ఆటల లెక్కకు అది సరైన జవాబే. వాడు పొరబడింది ఒకే చోట – ఆటలు రెండు వేర్వేరు గుంపులు. నేనడిగిన అర, మూడో వంతు ఒకే వస్తువులోని భాగాలు. ఆ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. "నీ దగ్గర అర్ధరూపాయి ఉందిరా, నేను ఇంకొంత ఇచ్చాను, నీ డబ్బు పెరుగుతుందా తగ్గుతుందా?" అని అడిగితే చాలు. పెరుగుతుంది అనేవాడు. అయిదింట రెండు అంటే నలభై పైసలు. యాభైకి ఇంకొంత కలిస్తే నలభై ఎలా అవుతుంది? వాడి తప్పు వాడే పట్టుకునేవాడు. నేను ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదు. వాడు బడికే దూరమయ్యాడు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా క్లాసులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. జవాబు తప్పయినా ఒప్పయినా ముందు "ఎలా వచ్చింది?" అని అడగడం. తప్పయినప్పుడే అడిగితే ఆ ప్రశ్నే శిక్ష అవుతుంది. రెండు సందర్భాల్లోనూ అడిగితే అది అలవాటవుతుంది. మరొకటి, భిన్నాలు ఎప్పుడూ వస్తువుతోనే మొదలుపెట్టడం. ఒక దోసెను ఆరు ముక్కలు చేయండి. అర అంటే మూడు ముక్కలు, మూడో వంతు అంటే రెండు ముక్కలు. కలిపితే ఆరింట అయిదు. ముక్కలన్నీ ఒకే సైజులో ఉంటే తప్ప లెక్కపెట్టలేము, అందుకే హారాలు సమానం చేస్తున్నాం అని దోసె తింటూ తెలుసుకున్న పిల్లవాడు సూత్రం మరిచిపోయినా మళ్లీ తనే తయారు చేసుకుంటాడు.

మన చిన్నప్పుడు ఈ పని అణాలు చేసేవి. రూపాయికి పదహారణాలు. అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా – ఇవన్నీ భిన్నాలే గదా! అర, పావు కలిస్తే ముప్పావు అని కిరాణా కొట్లో నేర్చుకున్నాం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. లెక్క సుళువైంది, చాలా మంచిదే. కానీ భిన్నం పిల్లవాడి జేబులోంచి పుస్తకంలోకి పోయింది. దాన్ని తిరిగి వంటింట్లోకి, బజారులోకి తీసుకురావలసింది మనమే.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం గణిత బోధనపై ఏర్పడిన నిపుణుల బృందం కూడా బడి గణితంలోని ప్రధాన సమస్యల్లో మొదట చెప్పింది పిల్లల్లోని భయం, ఓటమి భావమే. సూత్రాలు వల్లె వేయించడం కంటే పిల్లవాడి ఆలోచనను గణితం వైపు మళ్లించడం ముఖ్యమని ఆ బృందం అభిప్రాయం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నే గాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నేను ఆనాడు చేసింది ఈనాడు చట్ట విరుద్ధం. అలాంటి చట్టం వచ్చినందుకు సంతోషం.

అయితే ఎక్కాలు వద్దా అని మా మిత్రులొకరు అడిగారు. తప్పకుండా కావాలి. ఎక్కాలు రానివాడికి ప్రతి లెక్కా బరువే. కానీ అభ్యాసంలో కూడా కాస్త వింత ఉండాలి. మహారాష్ట్రలో దేవలాలీ అనే ఊళ్లో కప్రేకర్ అని ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన 1949లో ఒక చిత్రం కనిపెట్టారు. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేయండి. వచ్చిన దానికి మళ్లీ అలాగే చేయండి. ఏడు మెట్లు దాటకుండా 6174 వచ్చి తీరుతుంది. ఉదాహరణకు మన స్వాతంత్ర్య సంవత్సరం 1947. 9741లోంచి 1479 పోతే 8262. తర్వాత వరసగా 6354, 3087, 8352, చివరికి 6174. మూడంకెలే మిగిలితే ముందు సున్న పెట్టుకోవాలి, అంతే.

మా మనవడు ఆరో తరగతి. పొద్దున బడి, సాయంత్రం ఫౌండేషన్ కోచింగు. ఇంటికొచ్చి లెక్కల పుస్తకం చూస్తే మొహం మాడ్చుకునేవాడు. అయిదు తీసివేతలు చెయ్యరా అంటే పారిపోయేవాడు. ఈ ఆట చెప్పిన రోజు ఇంట్లో అందరి పుట్టిన సంవత్సరాలూ వేసి చూశాడు. ఎన్ని తీసివేతలు చేశాడో వాడికే తెలియదు. మధ్యలో ఒకటి తప్పు పోయింది. "తాతయ్యా, ఇది 6174కి రావడం లేదు, నేనే ఎక్కడో పొరబడ్డాను" అని తనే వెనక్కి వెళ్లి దిద్దుకున్నాడు. తప్పు చేయడం అవమానం కాదని వాడికి తెలిసిందని ఆ పూట నాకు అర్థమైంది.

చివరిగా మీ అందరికీ నా విన్నపాలు మూడు. మొదటిది, మనవలతో "మన వంశంలోనే లెక్కలు రావు" అని గానీ, "ఆడపిల్లకు లెక్కలెందుకు" అని గానీ అనకండి. పిల్లలు దాన్ని నమ్మేస్తారు. రెండవది, పాల లెక్క, కరెంటు బిల్లు, బజారు చిల్లర – వారానికి ఒకటి వారికి అప్పగించండి. పొరబాటు వస్తే పది రూపాయలు పోతాయి, పోనివ్వండి. మూడవది, మార్కుల కాగితం చేతికి రాగానే ఎన్ని వచ్చాయని గాక, తప్పిన లెక్క చూపించి "ఇది ఎలా చేశావమ్మా, నాకు చెప్పు" అనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు, ఇంకా మంచిది. వాళ్లు మీకు మాస్టారవుతారు.

పిల్లల తల్లిదండ్రులకు ఉద్యోగాల హడావుడి. టీచరుకు సిలబసు తొందర. ఆ రెండు నిమిషాలు తీరిగ్గా ఇవ్వగలిగినవాళ్లం ఇప్పుడు మనమే. ఆనాడు నేను ఇవ్వలేకపోయినవి అవే.

మరో మాట. ఆ మేస్త్రీ కట్టిన మెట్లు ఇరవై. డెబ్భై అయిదేళ్ల వయసులో మోకాళ్ల నొప్పులతో రోజూ వాటినే ఎక్కుతున్నాను. పెద్దవాళ్లు ఎక్కాలి, ఆరంగుళాలే మేలు అని ఆనాడు అతను వేసిన లెక్క తప్పలేదు.