పాట చిన్నదెలా అవుతుంది?

 

ఘంటసాల పాటంటే మనకు ప్రాణం. ఆయన 1922లో మన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. అప్పట్లో పాటలు రేడియోలో విన్నాం. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఇప్పుడు గోరంత కార్డులో వందల పాటలు పడుతున్నాయి. ఎలా పడుతున్నాయి? తెలుసుకుందాం.

కాలవ లాకు దగ్గర కొలబద్ద చూశారు కదా! నీటిమట్టం చూసి పుస్తకంలో రాస్తారు. ఆ అంకెలు చదివితే నీరు ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో తెలుస్తుంది. పాట కూడా గాలిలో లేచే అలే. యంత్రం ఆ అలను సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలు రాస్తుంది. సీడీలో ఉండేవి ఈ అంకెలే. ఇలా రాస్తే 5 నిమిషాల పాటకు సుమారు 50 ఎంబీ చోటు పడుతుంది. ఎంబీ అంటే ఫోనులో చోటుకు కొలత.

మరి ఎలా తగ్గిస్తారు? రైసు మిల్లు ఆడుతుంటే మన గాజుల చప్పుడు మనకు వినపడుతుందా? వినపడదు. పెద్ద చప్పుడు చిన్న చప్పుడును కమ్మేస్తుంది. పాటలో కూడా అంతే. డోలు గట్టిగా మోగినప్పుడు సన్నని శబ్దాలు చెవికి అందవు. వాటిని తీసేస్తారు. మిగిలినవాటిని కొట్టు పద్దులో పొడి అక్షరాలు రాసినట్టు క్లుప్తంగా రాస్తారు. 50 ఎంబీ పాట 5 ఎంబీ అవుతుంది. దీనినే ఎంపీ3 అంటారు. జర్మనీలో బ్రాండెన్‌బర్గ్ అనే ఆయన, మరికొందరు ఇంజనీర్లు కలిసి దీన్ని తయారుచేశారు. ఆ పేరు 1995లో పెట్టారు.

వాళ్లకు చిక్కు తెచ్చింది ఒక ఆడగొంతు. సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాయిద్యాలు లేకుండా పాడిన పాట అది. కుదించేసరికి మొదట్లో గొంతు పాడైంది. పక్కన వేరే శబ్దం లేదు కదా, తప్పు దాగలేదు. మళ్లీ మళ్లీ విని సరిచేశారు.

మన నాట్ల పాటలూ ఉత్త గొంతుతో పాడేవే. మీ ఊరి పెద్దమ్మ పాట ఫోనులో పట్టారనుకోండి. చోటు చాలదని బాగా కుదించేస్తే ఆమె గొంతు మారిపోతుంది. వడ్లు బియ్యం చేస్తాం. బియ్యం మళ్లీ వడ్లవుతాయా? పాటలో తీసేసింది కూడా తిరిగి రాదు. అందుకే విత్తనపు వడ్లు దాచినట్టు, మొదట పట్టిన పాటను అలాగే దాచండి. దానికి ఇంకో నకలు తీసుకుంటే నష్టం లేదు. అంకెలు అవే ఉంటాయి. కుదిస్తేనే నష్టం.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. పాడినామె పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. రేపు మన మనవరాళ్లు విని, ఎవరు పాడారో చదివి తెలుసుకుంటారు. సెలవు.